పాత శుభలేఖలు, పాత బొమ్మలతో కోలాజ్ ట్యాగులు

శుభలేఖ మీద వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉంటాడు. అందుకే పెళ్ళి అయిపోయినా దాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు. చాలా ఇళ్ళలో బీరువా పై అరలో ఒక కట్ట అలాగే పడి ఉంటుంది. దానికి తోడు చిరిగిన క్యాలెండరు, అట్ట ఊడిపోయిన పుస్తకం, తాతగారి లెక్కల పుస్తకం, జాకెట్టు కుట్టగా మిగిలిన జరీ ముక్క. వీటిని అరచేతిలో పట్టేంత ట్యాగుల మీద కోలాజ్‌గా, అంటే రకరకాల ముక్కలు కలిపి ఒక బొమ్మలా అతికిస్తే గిఫ్టు ప్యాకెట్లకు కట్టొచ్చు, పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకోవచ్చు, గృహప్రవేశానికో సీమంతానికో ఇచ్చే రిటర్న్ గిఫ్టులకు తగిలించొచ్చు. ఒక సాయంత్రం కూర్చుని అతికిస్తే మర్నాడు దారం కట్టేయొచ్చు.

మొదలుపెట్టే ముందే ఒక మాట. ట్యాగు చిన్నది. దాని మీద ఒక బొమ్మ, అక్షరాలున్న కాగితం ఒకటి, ఒక రంగు, ఒక అచ్చు గుర్తు పడతాయి. అంతకు మించి పట్టవు. ఐదోది పెట్టాలనిపిస్తే, ఉన్న నాలుగింటిలో ఒకటి తీసేసి పెట్టండి. దుకాణాల్లో దొరికే పూసలు, మెరుపులు, ప్లాస్టిక్ పువ్వులు అన్నీ ఒకేచోట గుచ్చేసిన ట్యాగులు చూస్తే నాకు బొమ్మ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఏది కొయ్యొచ్చు, ఏది కొయ్యకూడదు

కత్తెర పట్టేముందు కాగితాలను రెండు కుప్పలు చేయండి. మళ్ళీ దొరకనివి ఒక కుప్ప: ఇంట్లోవాళ్ళ ఫొటోలు, చేత్తో రాసిన ఉత్తరాలు, అమ్మమ్మ రాసుకున్న పద్దులు, పాత దస్తావేజులు. వీటిని అసలు కొయ్యకండి. పగటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీస్తే చాలు. స్కానర్ ఉంటే 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), బొమ్మను పెద్దది చేయాలనుకుంటే 600 పెట్టండి. ట్యాగు మీదకు వెళ్ళేది ఎప్పుడూ కాపీయే.

రెండో కుప్ప ధైర్యంగా కోసుకునేది. కాలం చెల్లిన పంచాంగం ఇందులో మొదటిది. తిథి, వారం, నక్షత్రం వరసగా నిలువు గళ్ళలో ఉంటాయి కాబట్టి దాన్ని ఏ మూల చించినా అందంగానే ఉంటుంది. పంచాంగం చించడానికి మనసొప్పని వాళ్ళు దాన్నీ జిరాక్స్ తీయించుకోండి. సీసపు అక్షరాలతో అచ్చు వేసిన పాత పుస్తకాల పేజీలు దొరికితే వదలొద్దు. పేజీ వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమితే అక్షరాలు నొక్కుకున్న గరుకు తగులుతుంది. ఆఫ్‌సెట్ అచ్చులో ఆ గరుకు ఉండదు. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పెట్టే పాత పుస్తకాలు ఉండనే ఉన్నాయి. అక్కడ అట్టలు లేనివి, సగం పేజీలు పోయినవి అడగండి. మంచి పుస్తకాన్ని కోలాజ్ కోసం చంపడం పాపం.

కొన్ని కాగితాలతో జాగ్రత్త. న్యూస్‌పేపర్‌లో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల అది కొన్నాళ్ళకే పసుపెక్కి పెళుసుబారుతుంది. గిఫ్టు ట్యాగుకు పర్వాలేదు గానీ దాచుకునే దానికి వద్దు. ఇప్పుడు బస్సుల్లో మిషన్ నుంచి వచ్చే టికెట్లు, షాపు బిల్లులు థర్మల్ కాగితం. కొన్ని నెలల్లో అక్షరాలు మాసిపోతాయి, హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలితే నల్లబడతాయి. కండక్టరు పంచ్ కొట్టి ఇచ్చిన పాతకాలపు రంగు రంగుల పల్చటి ఆర్టీసీ టికెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే మాత్రం అవి బంగారం. కరెన్సీ నోట్ల కాపీలు వాడకండి, చట్టం ఒప్పుకోదు.

ఇక శుభలేఖలు. దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని ముందే వేరు చేసి పక్కన పెట్టండి. ప్యాకెట్ విప్పగానే ట్యాగు నేలమీద పడుతుంది, ఎవరో ఒకరు తొక్కుతారు. మనం తప్పించుకోవాలనుకున్న ఇబ్బందిని ఇంకొకరికి పంపినట్టవుతుంది. మిగిలిన అట్ట, బంగారు రంగు అంచులు, లోపలి పల్చటి కాగితం, కవరు లోపలి డిజైను ఇవే మనకు కావాలి. నాలుగు మూలలా పూసిన పసుపు మరక ఉంటే దాన్ని కనపడేలా వాడండి.

బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి

ఇంట్లో లేకపోతే ఇంటర్‌నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి. మన ప్రాంతానికి దగ్గరివి కావాలంటే నేను మొదట చెప్పేది విలియం రాక్స్‌బర్గ్ మొక్కల బొమ్మలు. ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా వచ్చిన ఈ స్కాట్లండ్ మనిషి 1781 నుంచి సామర్లకోటలో ఉండి చుట్టుపక్కల మొక్కలను ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు లండన్‌లో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అనే మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 వరకు అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లను ‘తెలింగ’ పేర్లుగా అందులో రాసుకున్నాడు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్లో పేజీలు ఉచితంగా దించుకోవచ్చు. మొదటి సంపుటంలో మోదుగ పువ్వు ఉంది. కింద చేయబోయే ట్యాగుకు అదే తీసుకుందాం.

రవివర్మ అచ్చు బొమ్మలు కూడా మంచి సరుకే. ఆయన 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లిథో (రాతి అచ్చు) బొమ్మలను ఇంటింటికీ చేర్చాడు. దేవుళ్ళను వదిలేసి హంసతో మాట్లాడే దమయంతిని, శకుంతలను తీసుకోండి. ఆయన 1906లో పోయారు కాబట్టి కాపీరైట్ బెడద లేదు. మన దేశంలో చిత్రకారుడు చనిపోయాక 60 ఏళ్ళ వరకు ఆ హక్కు ఉంటుంది. పాత పత్రికల ముఖచిత్రాలు, సినిమా పోస్టర్లు ఎంత పాతగా కనిపించినా ఈ లెక్కలో ఇంకా ఉండొచ్చు. ఇంట్లో వాడుకోవడం వేరు, ట్యాగులు చేసి అమ్మడం వేరు. అమ్మే ఆలోచన ఉంటే కాపీరైట్ తీరినవే వాడండి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి అలాంటి బొమ్మల ఫొటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా వదిలేసింది.

ప్రింటు విషయంలో ఒకటే నియమం: లేజర్ ప్రింట్ తీయించండి. జిరాక్స్ షాపులో ‘కలర్ లేజర్’ అని అడిగితే ఇస్తారు. ఇంట్లో ఇంక్‌జెట్‌తో తీసిన బొమ్మ మీద తడి జిగురు పడగానే చాలావాటిలో రంగు పాకుతుంది. అనుమానముంటే తడి వేలితో ఒక మూల రుద్ది చూడండి. పేజీ మొత్తం కాకుండా పూల గుత్తి ఒక్కటే క్రాప్ చేసి, 2 అంగుళాల వెడల్పుకు సరిచేసుకుని, ఒకే ఏ4 కాగితం మీద నాలుగైదు బొమ్మలు సర్దితే ఒక్క ప్రింటు డబ్బుతో పని అయిపోతుంది.

అట్ట కోయడం

ట్యాగు రెండున్నర అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల పొడవు ఉంటే చేతికి బాగుంటుంది. ఒక ఏ4 కార్డు షీటు నుంచి ఇలాంటివి ఆరు వస్తాయి. 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) అట్ట చాలు. కొనక్కర్లేదు, శుభలేఖ అట్టలే సరిపోతాయి. చొక్కా డబ్బా అట్ట కూడా పనికొస్తుంది. పైన రెండు మూలలనూ ముప్పావు అంగుళం ఏటవాలుగా కోస్తే ట్యాగు రూపం వచ్చేస్తుంది.

మెరిసే ప్లాస్టిక్ పొర ఉన్న అట్టకు జిగురు పట్టదు. నున్నటి శాండ్ పేపర్‌తో పైపొర మెరుపు పోయేదాకా రుద్దండి, లేదా అట్టను తిరగేసి వెనక వైపు వాడుకోండి. కత్తెర కన్నా స్టీలు స్కేలు, కట్టర్ మేలు. కట్టర్‌తో ఒకే ఊపులో కోసేయాలని చూడకండి, తేలిగ్గా రెండు మూడుసార్లు గీస్తే అంచు నలగదు.

అడుగు కాగితం, జిగురు

పంచాంగం పేజీని చేత్తో చించండి. చించేటప్పుడు ముక్కను మీ వైపు లాగితే దాని అంచుకు తెల్లటి గీత వస్తుంది. అవతలికి నెడితే రాదు. ఆ తెల్ల అంచు కావాలా వద్దా అనేది మీ ఇష్టం. బొమ్మ పక్కన వచ్చే చోట ఉంటే బాగుంటుంది, ట్యాగు చివర ఉంటే అసంపూర్ణంగా కనిపిస్తుంది. కాగితం ఒక దిశలో నిటారుగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకర పోతుంది. ముందు ఒక పనికిరాని ముక్క చించి చూసుకోండి.

ఫెవికాల్ రెండు వంతులకు నీళ్ళు ఒక వంతు కలిపితే పల్చటి కాగితాలకు సరైన జిగురు. అట్టలకు, జరీకి నీళ్ళు కలపకుండా వాడండి. పాత ఏటీఎం కార్డు ముక్కతో అట్ట మీద పల్చగా పరిచి, కాగితం పెట్టి, మధ్యలోంచి అంచులకు నెట్టుకుంటూ గాలి బుడగలు తీసేయండి. ట్యాగు అంచుల బయటికి కాగితం కొంచెం వేలాడనివ్వండి. ఆరాక వెనక నుంచి కోసేస్తే అంచు కచ్చితంగా వస్తుంది.

మైదా ఉడికించిన జిగురు కూడా బాగానే పనిచేస్తుంది, చవక కూడా. అయితే పుస్తకాల్లో చేరే పురుగులకు అది భోజనం. పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు ఆ జిగురులో మైలతుత్తం కలిపేది అందుకే. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే: ఆరాక ట్యాగు విల్లులా వంగిపోతుంది. తడిసిన కాగితం సాగి, ఆరేటప్పుడు కుదించుకుంటూ అట్టను తన వైపు లాగుతుంది. దీనికి మందు ఒకటే. ముందు వైపు కాగితం అతికించిన వెంటనే వెనక వైపు కూడా అంతే మందం కాగితం ఒకటి అతికించండి. రెండు వైపుల లాగుడూ సమానమై అట్ట చదునుగా నిలుస్తుంది. వెనక భాగానికి గళ్ళ లెక్కల పుస్తకం పేజీ గానీ లేత రంగు ఖాళీ కాగితం గానీ వాడితే పేరు రాసుకోవడానికి పనికొస్తుంది. తర్వాత పైనా కిందా బటర్ పేపర్ పెట్టి, లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. వానాకాలంలో ఇంకో పూట ఎక్కువ పడుతుంది, తొందరపడకండి.

రంగు: టీ, పసుపు, సున్నం

పాతరూపం కోసం అందరూ చెప్పేది టీ నీళ్ళు. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల టీ పొడి మరిగించి, వడకట్టి, చల్లారాక కాగితాన్ని ఐదు నిమిషాలు ముంచి ఆరబెట్టడమే. ఇది అతికించే ముందే చేయాలి.

నాకు అంతకన్నా ఇష్టమైనది పసుపు, సున్నం. పారాణి ఎలా ఎర్రబడుతుందో మనకు తెలుసు, అదే ఇక్కడ కాగితం మీద చేస్తాం. అర చెంచా పసుపును మూడు చెంచాల నీళ్ళలో కలిపి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే పొడి పైన నిలిచిపోయి తర్వాత జిగురుతో పాటు అలుక్కుపోతుంది. ఖాళీ కాగితం మీద బ్రష్‌తో పూసి ఆరనివ్వండి. ఇప్పుడు తాంబూలం సున్నం చిటికెడు రెండు చెంచాల నీళ్ళలో కలిపి, అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళు మాత్రమే సన్నటి బ్రష్‌తో తీసుకుని ఆ పసుపు మీద గీత గీయండి. గీసిన చోట కళ్ళముందే ఇటుక ఎరుపు పుట్టుకొస్తుంది. చుక్కలు పెట్టొచ్చు, ముగ్గు వేయొచ్చు, ఒక అక్షరం రాయొచ్చు. కొన్ని రోజులకు ఆ ఎరుపు తగ్గి గోధుమ రంగులోకి దిగుతుంది, పసుపు కూడా ఎండ తగిలితే వెలుస్తుంది. కాబట్టి గోడకు తగిలించే వాటికి కాకుండా పుస్తకంలో ఉండే ట్యాగులకు ఇది నప్పుతుంది. సున్నం నీళ్ళు కళ్ళలో పడకుండా చూసుకోండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

అక్షరాల కాగితం మరీ గోలగా ఉంటే, ఆరిన ట్యాగు మీద తెల్ల యాక్రిలిక్ రంగును నీళ్ళతో బాగా పల్చన చేసి ఒక పూత వేయండి. తడిగా ఉండగానే గుడ్డతో ఒత్తి అక్కడక్కడ తీసేస్తే అక్షరాలు మసకగా కనిపిస్తాయి. బొమ్మ రాబోయే చోట ఎక్కువ తెలుపు ఉంచండి. బట్టల మీద వేసుకునే ఫ్యాబ్రిక్ రంగులు కూడా ఇందుకు పనికొస్తాయి. పోస్టర్ కలర్ మాత్రం వద్దు, మీద మళ్ళీ తడి తగలగానే కరుగుతుంది.

బొమ్మ నిలపడం

మోదుగ గుత్తిని కత్తిరించేటప్పుడు కత్తెరను కదపకుండా కాగితాన్ని తిప్పండి, వంపులు నునుపుగా వస్తాయి. బొమ్మను ట్యాగు నడిమధ్య పెట్టకండి. కింద కుడి మూల నుంచి పువ్వు పైకి లేస్తున్నట్టు పెట్టి, పైన ఎడమ వైపు ఖాళీ వదిలితే బాగుంటుంది. అతికించే ముందు అలా ఊరికే పెట్టి ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూడండి. చిన్న తెర మీద చూస్తే ఎక్కడ కిక్కిరిసిందో వెంటనే తెలిసిపోతుంది.

తెల్ల కాగితం కనపడకుండా బొమ్మ అడుగు అక్షరాల్లో కలిసిపోవాలంటే టేపు పద్ధతి ఉంది. పార్సిళ్ళకు వాడే వెడల్పాటి పారదర్శక టేపును లేజర్ ప్రింటు బొమ్మ మీద అతికించి, చెంచా వెనక భాగంతో గట్టిగా రుద్దండి. దాన్ని కత్తిరించి గోరువెచ్చని నీళ్ళలో కొన్ని నిమిషాలు నానబెట్టండి. తర్వాత కాగితం ఉన్న వైపు వేలితో మెల్లగా రుద్దితే నానిన కాగితం సన్నటి చుట్టలుగా ఊడిపోయి, టోనరు (లేజర్ ప్రింటు రంగు పొడి) మాత్రం టేపుకే అంటుకుని ఉంటుంది. ఆరాక ఇంకా తెల్లగా మసక కనిపిస్తే మళ్ళీ తడిపి రుద్దండి. గోరు పెట్టకండి, బొమ్మ గీరుకుపోతుంది. తెల్లగా ఉన్న చోటల్లా ఇప్పుడు పారదర్శకం. టేపు వైపు నుంచే చూస్తాం కాబట్టి అక్షరాలు తిరగబడవు, తెలుగు రాతకు కూడా భయం లేదు. టోనరు ఉన్న వైపు పల్చగా ఫెవికాల్ రాసి ట్యాగు మీద నొక్కండి. ప్లాస్టిక్ కింద జిగురు నెమ్మదిగా ఆరుతుంది, మొదట పాలలా కనిపించినా మర్నాటికి తేటపడుతుంది. పాత గ్రూపు ఫొటోలు, చేతిరాత ఉత్తరాల కాపీలకు దీన్ని మించిన పద్ధతి లేదు. తాతగారి సంతకం ఒక్కటి ఇలా తీసి పంచాంగం ముక్క మీద వేస్తే ఇంకేమీ అక్కర్లేదు.

ఫొటోలో ముఖం అడ్డంగా రెండు సెంటీమీటర్లన్నా ఉండాలి. అంతకన్నా చిన్నదైతే ఎవరో గుర్తుపట్టలేరు.

అచ్చు గుర్తులు, అంచులు

బెండకాయను అడ్డంగా కోసి, జిగట పోయేలా కాగితం మీద రెండుసార్లు అద్ది, స్పాంజితో రంగు తట్టి ట్యాగు మీద నొక్కితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. బబుల్ రేపర్ ముక్క, అగ్గిపెట్టె అంచు, పెన్సిల్ వెనక రబ్బరు అన్నీ అచ్చులే. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చుల్లాంటిది చిన్నది ఒకటి దొరికితే ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. యాక్రిలిక్ ఆరితే చెక్కుడులో గట్టిపడి మళ్ళీ రాదు, అద్దిన వెంటనే పాత టూత్‌బ్రష్‌తో కడిగేయండి. అచ్చును పూర్తిగా పడనివ్వకుండా సగం ట్యాగు బయటికి పోయేలా అద్దడం నాకు నచ్చుతుంది.

అంచులకు ఇన్‌స్టంట్ కాఫీ ఒక చెంచా, వేడినీళ్ళు రెండు చెంచాలు కలిపి స్పాంజితో అంచు వెంబడి తట్టండి. ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఊదారంగు కూడా పోస్టాఫీసు ముద్రల్ని గుర్తుచేస్తూ బాగుంటుంది. చివరగా మెత్తటి పెన్సిల్‌తో బొమ్మకు ఒకే పక్క సన్నగా గీత గీసి వేలితో పామండి. ఆ నీడతో బొమ్మ పైకి లేచినట్టు కనిపిస్తుంది. జరీ ముక్క పెడితే కింద అంచున ఒక పట్టీలా, దారాలు ఊడకుండా కొసలు వెనక్కి మడిచి అతికించండి.

కన్నం, దారం, పేరు

పైఅంచుకు ఒక సెంటీమీటరు కింద పంచ్‌తో కన్నం పెట్టండి. తాడు లాగితే చిరిగేది ముందు ఇక్కడే. అమెరికాలో డెన్నిసన్ అనే ఆయన 1863లో సరుకు రవాణా ట్యాగుల కన్నానికి కాగితం బిళ్ళ అతికించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు, ఇప్పటికీ మనం చేసేది అదే. అట్టలోంచి చిన్న గుండ్రటి ముక్కలు రెండు కోసి, ముందొకటి వెనకొకటి అతికించి, ఆరాక మధ్యలో కన్నం పెడితే చాలు.

పురికొస గానీ పాత చీర చించిన సన్నటి పేలిక గానీ పన్నెండు అంగుళాలు తీసుకుని సగానికి మడవండి. మడత కొసను కన్నంలోంచి తోసి, రెండు కొసలనూ ఆ ఉచ్చులోంచి లాగి బిగించండి.

ముందు వైపు ఫెవికాల్ అంటి ఆరిన చోట జెల్ పెన్ను ఆరదు, బాల్ పెన్ను జారుతుంది. అక్కడ రాయాలంటే పర్మనెంట్ మార్కర్ వాడండి. పేరు వెనక వైపు రాస్తే ఈ గొడవే లేదు. ఎవరి ఫొటో వాడారో, బొమ్మ ఎక్కడిదో కూడా వెనక చిన్నగా రాసిపెట్టండి. అందుకున్నవాళ్ళు తప్పకుండా అడుగుతారు.

తయారైన ట్యాగులను ఒకదాని మీద ఒకటి నేరుగా పేర్చకండి. ఉక్కపోతకు పైన అంటిన ఫెవికాల్ మెత్తబడి రెండూ అంటుకుంటాయి, విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. మధ్య మధ్య బటర్ పేపర్ వేసి అట్టపెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో మాత్రం వద్దు, లోపల తడి ఉంటే బూజు పడుతుంది.